ఐసీయూలో నర్సు చెప్పే మత్తు స్కోరును ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. అమలాపురం దగ్గరి పల్లె మీది. 71 ఏళ్ల నాన్నగారు న్యుమోనియాతో ఐదు రోజులుగా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. నిన్న ఉదయం నర్సు “మత్తు తేలికగానే ఉంది, మైనస్ 1” అన్నారు. ముప్పావు గంట తర్వాత వచ్చిన డాక్టరుగారు “లేదు, మైనస్ 3లో ఉన్నారు” అన్నారు. ఇద్దరిలో ఎవరిది నిజం, అసలు నర్సులు వేసే ఈ అంకెలు ఎంత సరైనవి అని మీ సందేహం. నాన్నగారికి వినికిడి తక్కువనీ, వినికిడి యంత్రం ఇంట్లోనే ఉండిపోయిందనీ చివర్లో ఒక ముక్క రాశారు. ఆ ముక్క చాలా ముఖ్యమైనది, దాని దగ్గరకు వస్తాను.

నేరుగా జవాబు: రోగిని పేరుపెట్టి పిలిచి, పద్ధతి ప్రకారం చూసి వేసిన స్కోరైతే నమ్మవచ్చు. మంచం చివర నిలబడి ఊహించి రాసినదైతే నమ్మకూడదు, ఎవరు రాసినా సరే. శిక్షణ పొందిన నర్సు పద్ధతిగా వేసిన అంకెకు, నిపుణుడు వేసిన అంకెకు తేడా చాలా తక్కువ. ఇక మీ నాన్నగారి విషయంలో ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. ముప్పావు గంటలో మత్తు రెండు మెట్లు మారడం మామూలే.

నేను 23 ఏళ్లుగా ఐసీయూ నర్సును. భీమవరంలో మొదలుపెట్టాను, పదమూడేళ్లుగా రాజమహేంద్రవరంలో ఉన్నాను, ఇప్పుడు ఇన్‌ఛార్జిగా కొత్త పిల్లలకు ఈ స్కోరు వేయడం నేర్పుతున్నాను. కాబట్టి ఈ పనిలో తప్పులు ఎక్కడ పుడతాయో దగ్గరగా చూశాను. వాటిలో కొన్ని నేనూ చేశాను.

ముందు ఆ అంకెలేమిటో చెప్పాలి. మీరు విన్నది రాస్ అనే కొలమానం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరంలో డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు కలిసి తయారుచేసి 2002లో ప్రచురించారు. పేరులో మొదటి అక్షరం ఆ ఊరిదే. అంతకుముందు 1974 నాటి రామ్సే కొలమానం వాడేవాళ్లం, అందులో ఆరు మెట్లే ఉండేవి, కలవరపడే రోగులందరికీ కలిపి ఒకటే మెట్టు. రాస్‌లో పది మెట్లు. సున్నా అంటే మెలకువగా, ప్రశాంతంగా ఉన్నారని. పైకి ప్లస్ 4 దాకా కలవరం: అసహనంగా కదలడం, ట్యూబులు లాగడం, మీదపడి కొట్టడం వరకు. కిందికి మైనస్ 5 దాకా మత్తు.

కిందివైపు మెట్లను కొలిచే తీరు చాలా సులువు. ముందు రోగిని ముట్టుకోకుండా అర నిమిషం చూడాలి. మెలకువగా లేకపోతే పేరుపెట్టి పిలిచి, కళ్లు తెరిచి నా వైపు చూడండి అనాలి. చూసి, ఆ చూపు పది సెకన్లు దాటి నిలిస్తే మైనస్ 1. చూసినా పది సెకన్ల లోపే రెప్పలు వాలిపోతే మైనస్ 2. పిలుపుకు ఏదో కదలిక ఉంది, కళ్లు కూడా తెరవవచ్చు, కానీ మన కళ్లలోకి చూడలేదు, అది మైనస్ 3. పిలుపుకు ఏమీ లేకపోతే భుజం తట్టి కుదపాలి, అవసరమైతే రొమ్ము ఎముక మీద రుద్దాలి. దానికి కదిలితే మైనస్ 4. దానికీ కదలకపోతే మైనస్ 5.

చూశారుగా, ఇందులో యంత్రం లేదు. ఒక గొంతు, ఒక చెయ్యి, పది వరకు లెక్కపెట్టే ఓపిక, ఇంతే. అందుకే ఇది నర్సు పని. 24 గంటలూ మంచం పక్కన ఉండేది మేమే.

ఇది ఎంత కచ్చితంగా ఉంటుందో కొలిచిన వాళ్లు ఉన్నారు. 2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో నర్సులు జంటగా చేసిన 290 పరిశీలనలను పోల్చారు. ఒకే రోగిని ఇద్దరు చూసి వేసిన అంకెలు ఎంత కలుస్తాయన్నది లెక్క. పూర్తిగా కలిస్తే 1, గుడ్డిగా వేసినట్టుంటే 0. రాస్‌తో 0.91 వచ్చింది. అదే రోగులకు, స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలుతో 0.64 మాత్రమే. గొంతులో ట్యూబు ఉన్న మనిషి మాట్లాడలేడు కదా, మాటకు మార్కులు వేసే కొలమానం అక్కడ తడబడటం సహజం. 0.91 చాలా మంచి అంకె. కానీ అది శిక్షణ ఇచ్చి, పద్ధతి పాటింపజేసి కొలిచిన ఫలితం. రాత్రి మూడు గంటలకు, నలుగురు రోగులను ఒక్కరే చూసుకునే నర్సు వేసే అంకె అంత బాగుంటుందని నేను మీకు హామీ ఇవ్వలేను.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. “ఎంత మత్తులో ఉన్నారు” అన్నది ఒక ప్రశ్న. “అంత మత్తు అవసరమా” అన్నది వేరే ప్రశ్న. మొదటిదానిలో నర్సులు గట్టివాళ్లు. రెండోదానిలో మేము ఒక వైపుకే తప్పు చేస్తాం: లోతైన మత్తును ఫరవాలేదనుకుంటాం. అమెరికాలో మిన్నెసోటా పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. వెంటిలేటర్ మీది రోగులు మూడో వంతు సందర్భాల్లో లేపినా లేవని, లేదా అతికష్టం మీద స్పందించే స్థితిలో ఉన్నారు. మత్తు ఎక్కువైంది అని నర్సులు అభిప్రాయపడింది మాత్రం నూటికి మూడు సందర్భాల లోపే. అంటే లోతు కనిపిస్తూనే ఉంది, అది ఎక్కువని అనిపించలేదు.

ఎందుకు అనిపించదో నాకు బాగా తెలుసు. కదలని రోగి భద్రంగా ఉన్నట్టు కనిపిస్తాడు. ట్యూబు లాగేసుకుంటాడన్న భయం ఉండదు. ఒకసారి రోగి తన ట్యూబు తానే పీకేసుకుంటే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సును సంజాయిషీ అడుగుతారు. రోగి మూడు రోజులు అనవసరంగా గాఢ మత్తులో ఉండి, వెంటిలేటర్ నుంచి బయటపడటం ఆలస్యమైతే ఏ నర్సునూ ఎవరూ అడగరు. మా వార్డుల్లో “మంచి పేషెంటు” అన్న మాట వింటుంటాను. కదలకుండా పడుకున్న మనిషినే అలా అంటారు. నా దగ్గర చేరిన పిల్లలకు ఆ మాట వాడవద్దని మొదటి వారంలోనే చెప్తాను.

ఆలస్యమంటే చిన్న విషయం కాదు. 2000 సంవత్సరంలో షికాగో డాక్టర్లు 128 మంది రోగుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక వర్గానికి రోజూ ఒకసారి మత్తు మందు ఆపి మెలకువ వచ్చేదాకా చూశారు, ఇంకో వర్గానికి మామూలుగా కొనసాగించారు. రోజూ ఆపిన వర్గం వెంటిలేటర్ మీద మధ్యస్థ లెక్కలో 4.9 రోజులు ఉంటే, రెండో వర్గం 7.3 రోజులు ఉంది. 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా వెంటిలేటర్ మీద ఉన్న పెద్దలకు వీలైనంత తేలిక మత్తే మేలని చెప్పాయి. మిడజోలాం వంటి మత్తు మందుల కన్నా ప్రొపోఫాల్, డెక్స్‌మెడిటోమిడిన్ మంచివని సూచించాయి. తలలో ఒత్తిడి పెరిగిన వాళ్లు, ఆగని మూర్ఛలు ఉన్నవాళ్లు, ఊపిరితిత్తులు బాగా పాడై బోర్లా పడుకోబెట్టాల్సిన వాళ్లు, వీళ్లకు లోతైన మత్తు నిజంగానే కావాలి. మీ నాన్నగారు ఆ కోవలోకి వస్తారో రారో డాక్టరుగారినే అడగాలి.

ఇప్పుడు నా అనుభవంలో స్కోరు ఎక్కడ తప్పుతుందో చెప్తాను.

అన్నిటికన్నా ఎక్కువగా చూసేది పిలవకుండా రాయడం. చార్టులో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా వరుసగా మైనస్ 2, మైనస్ 2, మైనస్ 2. ఏ మనిషీ ఎనిమిది గంటలు ఒకే మెట్టు మీద ఉండడు. మందు పంపు వేగం మారుతుంది, కఫం తీసినప్పుడు లేస్తాడు, పక్కకు తిప్పినప్పుడు మూలుగుతాడు. ఆ వరుస చూడగానే పైగడి అంకె కింది గడిలోకి దిగిందని తెలిసిపోతుంది. ఇంకో రకం ఉంది: డాక్టరు లక్ష్యంగా రాసిన అంకెనే స్కోరుగా రాయడం. లక్ష్యం మైనస్ 2 అని ఉంటే, అదే కళ్ల ముందు ఆడుతుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో అలా రాశాను. తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

నా యూనిట్‌లో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. డ్యూటీ మారేటప్పుడు దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు ఒకరి అంకె ఇంకొకరు చూడకుండా ఒకే రోగికి స్కోరు వేసి చీటీ మీద రాస్తారు. ఒక మెట్టు తేడా వస్తే ఫరవాలేదు. రెండు వస్తే ఇద్దరూ కలిసి మళ్లీ పిలుస్తారు. నేను పక్కన ఉంటే ఒకటే అడుగుతాను: ఎన్ని సెకన్లు చూశారు? మొదట్లో ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. ఇప్పుడు వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నారు. మైనస్ 1కీ మైనస్ 2కీ మధ్య తేడా ఆ పది సెకన్లే కదా.

రెండోది ఎలా పిలిచాం అన్నది. కేసు షీటులో సత్యనారాయణ అని ఉంటుంది, ఊళ్లో పుట్టినప్పటి నుంచి చంటి అంటారు. 70 ఏళ్ల మనిషిని మత్తులో సత్యనారాయణ అంటే తనను కాదనుకుంటాడు. చంటిగారూ అంటే కనురెప్ప కదులుతుంది. చేర్చుకునేటప్పుడే ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి, మంచం తలవైపు కాగితం మీద రాసి అంటిస్తాం. కేరళ నుంచి వచ్చిన నర్సులు మన దగ్గర చాలామంది ఉన్నారు, పనిలో మంచివాళ్లు, కానీ ఒక పల్లెటూరి పెద్దావిడకు వాళ్ల తెలుగు యాస మత్తులో అందకపోవచ్చు. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో పనిచేసే ఒడిశా కుర్రాడు ఒకడు మా దగ్గర రెండు రోజులు మైనస్ 3లో ఉన్నాడు, రికార్డు ప్రకారం. మూడో రోజు ఒడియా తెలిసిన వార్డు అటెండరు పక్కన నిలబడి పిలిచాడు. కుర్రాడు కళ్లు తెరిచి అతని వైపే చూస్తూ ఉండిపోయాడు. మైనస్ 1. మందు తగ్గించాం, మర్నాడు ట్యూబు తీశారు.

చెవుడు కూడా ఇలాంటిదే, మీ నాన్నగారికి సూటిగా వర్తించేది ఇదే. పిలుపు మీద ఆధారపడిన కొలమానం, పిలుపు వినపడని మనిషికి పనిచేయదు. వినికిడి యంత్రం లేకుండా పిలిస్తే మైనస్ 3గానో మైనస్ 4గానో తేలే మనిషి, అది పెట్టుకుంటే మైనస్ 1గా తేలడం నేను చాలాసార్లు చూశాను. నర్సు చెవి దగ్గర వంగి గట్టిగా పిలిచి, డాక్టరుగారు ఎదురుగా నిలబడి మామూలు గొంతుతో పిలిచి ఉంటే, మీరు విన్న రెండు మెట్ల తేడాకు అదొక్కటే చాలు. లేదా నర్సు చూడటానికి కాస్త ముందే కఫం తీసి, పక్కకు తిప్పి ఉంటారు, అప్పుడు ఎవరైనా మేలుకుంటారు. ఆ తర్వాత నొప్పికో, దగ్గుకో ఒక డోసు మందు ఇచ్చి ఉంటారు. కాబట్టి ఆ రెండు అంకెలను ఒకదానిపై ఒకటి పోటీ పెట్టకండి. వాటి మధ్య ఏం జరిగిందని అడగండి.

మూడోది మా డెల్టాలో తప్పకుండా చెప్పుకోవలసినది. కదలకపోవడం వేరు, మత్తు వేరు.

కొన్నేళ్ల కిందట శ్రావణంలో గోదావరి వరద వచ్చి లంక గ్రామాల్లోకి నీళ్లు చేరినప్పుడు, పాములు ఇళ్లలోకి వచ్చాయి. నేల మీద పడుకున్న ఒక 20 ఏళ్ల అబ్బాయిని కట్లపాము కరిచింది. కట్లపాము కాటు నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించదు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. దారిలోనే ట్యూబు వేసి, యాంటీ వీనమ్ మొదలుపెట్టి, మా దగ్గరకు పంపారు. రాత్రి డ్యూటీ అమ్మాయి మైనస్ 5 అని రాసింది. పద్ధతి ప్రకారం ఆ అమ్మాయి తప్పు చేయలేదు: పిలిచింది, కుదిపింది, ఏ కదలికా లేదు. నేను ఉదయం చార్టు చూస్తే మత్తు మందు పంపు అసలు నడవడం లేదు. మత్తు మందు ఏదీ ఎక్కకుండా మైనస్ 5 వచ్చిందంటే దానికి వేరే కారణం వెతకాలి.

దగ్గరకు వెళ్లి పేరుపెట్టి పిలిచాను. మానిటర్ మీద గుండె వేగం 96 నుంచి 124కి పెరిగింది. కంటి కొసలో నీళ్లు ఉన్నాయి. రెప్ప ఎత్తి చూస్తే కనుగుడ్డు కదలడం లేదు, కనుపాప పెద్దగా ఉండి వెలుతురుకు స్పందించడం లేదు. ఇది చూసి మెదడు చనిపోయిందనుకున్న సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే ఆదేశాన్ని ఆపేస్తుంది, మెదడును ముట్టదు. పక్షవాతం పైనుంచి కిందికి దిగుతుంది, రెప్పలు ముందు, కాలి వేళ్లు చివర. అందుకని చెవి దగ్గర వంగి, “బాబూ, నా మాట వినపడితే కాలి బొటనవేలు కదుపు” అన్నాను. దుప్పటి తీసి చూస్తూ నిలబడ్డాను. గింజంత కదిలింది. రెండుసార్లు కదుపు అన్నాను. రెండుసార్లు కదిలింది.

ఆ అబ్బాయి రాత్రంతా మెలకువగానే ఉన్నాడు. డాక్టరుగారికి చెప్పగానే కొద్దిపాటి మత్తు, నొప్పి మందు మొదలుపెట్టారు, ఎందుకంటే ఒళ్లు కదపలేక, కళ్లు తెరవలేక, గొంతులో గొట్టంతో మెలకువగా ఉండటం కన్నా భయంకరమైనది ఇంకొకటి ఉండదు. వాళ్లమ్మను పిలిచి చెవి దగ్గర మాట్లాడమన్నాం. తొమ్మిదో రోజు ట్యూబు తీశారు. ఆ మొదటి రాత్రి తన మంచం పక్కన ఎవరెవరు ఏమేమి అన్నారో అతను మాకు తిరిగి చెప్పాడు. “ఇక లాభం లేదేమో” అన్న మాట కూడా విన్నాడు. అప్పటి నుంచి పాముకాటు రోగుల మంచం తలవైపు మేము పెద్ద అక్షరాలతో రాసి పెడతాం: వింటున్నారు.

పురుగుల మందు తాగి వచ్చేవాళ్లలో కూడా ఇదే చిక్కు. సార్వా, దాళ్వా రెండు కాలాల్లోనూ ఈ కేసులు మాకు తప్పవు. విషం విరుగుడుగా ఎక్కించే అట్రోపిన్ ఎక్కువైతే రోగి గాలిలో ఏవో పట్టుకుంటున్నట్టు చేతులు ఆడిస్తాడు, మంచం దిగబోతాడు, ప్లస్ 3. స్కోరు సరిగ్గానే వేస్తాం. కానీ ఆ స్కోరు చూసి మత్తు పెంచితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది, తగ్గించాల్సింది అట్రోపిన్. ఇక ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ, భుజాలు, ఊపిరి తీసే కండరాలు నీరసించిపోతాయి. అప్పుడు మెలకువ ఉన్నా తల ఎత్తలేరు. దాన్ని మత్తు అనుకుంటే మోసపోతాం.

కండరాలు కదలకుండా చేసే మందులు, వెకురోనియం, అట్రాక్యురియం వంటివి నడుస్తున్నప్పుడు రాస్ స్కోరే లేదు. ఆ గడిలో మైనస్ 5 రాయకూడదు, “కొలవలేం” అని రాయాలి. ఆ మందులు మొదలుపెట్టే ముందే మత్తు లోతుగా ఉందని నిర్ధారించుకోవాలి. నుదుటి మీద పట్టీ అంటించి మెదడు తరంగాల నుంచి 0 నుంచి 100 దాకా అంకె చూపే బిస్ అనే యంత్రం ఉంది, అది అక్కడ పనికొస్తుంది. మీరు గూగుల్‌లో దాని గురించి చదివి, మా నాన్నగారికి అదెందుకు పెట్టలేదని అడగవచ్చు. కండరాలు కదిలే రోగిలో ముఖ కండరాల కదలిక వల్ల దాని అంకె పైకి పోతుంది. పిలిస్తే పలికే మనిషికి పిలుపే మంచి కొలమానం.

కలవరం వైపు స్కోర్ల గురించి ఒక్క మాట. ప్లస్ 2 అన్నది రోగి ఏం చేస్తున్నాడో చెప్తుంది, ఎందుకు చేస్తున్నాడో చెప్పదు. ఒక పెద్దాయన రాత్రంతా కాళ్లు కొట్టుకుంటుంటే రెండుసార్లు మిడజోలాం పెంచారు. ఉదయం చూస్తే మూత్రం గొట్టం మంచం పట్టీ కింద నలిగిపోయి ఉంది, పొట్ట ఉబ్బి రాయిలా ఉంది. గొట్టం సరిచేయగానే దాదాపు లీటరు మూత్రం వచ్చింది, ఆయన నిద్రపోయారు. నొప్పి, మూత్రం, మలబద్ధకం, చలి, వెంటిలేటర్ గాలి సరిపోకపోవడం, అలవాటున్న మద్యం ఆగిపోవడం, ఇవన్నీ చూశాకే మత్తు పెంచాలి. నొప్పికి వేరే కొలమానాలు ఉన్నాయి, ముఖం ముడతలు, ఒళ్లు బిగుసుకోవడం, వెంటిలేటర్‌తో పెనుగులాట చూసి వేస్తాం. నొప్పి ముందు, మత్తు తర్వాత. ఈ వరుస తిరగబడితే స్కోరు ఎంత కచ్చితంగా వేసినా రోగికి మేలు జరగదు.

ఇంకొక రకం తప్పు ఉంది, దాన్ని గుర్తించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ప్రతి అంకె సరైనదే, అయినా మొత్తం తప్పుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక షుగర్ రోగికి మిడజోలాం నడుస్తోంది. పగలు మైనస్ 2, రాత్రి మైనస్ 3, మర్నాడు మైనస్ 3, ఆ రాత్రి మైనస్ 4. ఏ నర్సూ తప్పు వేయలేదు. ఒక్కొక్కరు తమ డ్యూటీలో ఒక్క మెట్టు తేడా చూశారు, పెద్ద విషయం కాదనుకున్నారు. మందు వేగం మారలేదు, కానీ దాని నుంచి శరీరంలో తయారయ్యే పదార్థం మూత్రంలో పోలేక పేరుకుపోయింది. మందు ఆపాక కూడా ఆయన కళ్లు తెరవడానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత మా చార్టులో రెండు రోజుల అంకెలు ఒకే పేజీలో పక్కపక్కన పడేలా గడులు మార్చుకున్నాం. మైనస్ 3 కన్నా లోతుకు దిగితే ఇంకో నష్టం కూడా ఉంది: మతిభ్రమ ఉందో లేదో చేసే పరీక్ష మైనస్ 4, మైనస్ 5లో చేయడం కుదరదు. అందుకే మైనస్ 3కీ మైనస్ 4కీ మధ్య గీత దగ్గర తప్పు జరగకూడదని పిల్లలతో పట్టుబడతాను. మైనస్ 1, మైనస్ 2 మధ్య పొరపాటును అంత పట్టించుకోను.

నర్సు మీద నమ్మకం పోగొట్టుకోవద్దని మీకు చెప్పాలని ఉంది. డాక్టరు రోజుకు రెండు మూడుసార్లు వచ్చి ఆ క్షణాన్ని చూస్తారు. నర్సు ఆ మనిషి రోజంతా ఎలా ఉన్నాడో చూస్తుంది. ఒకే నిమిషంలో ఇద్దరూ కలిసి చూస్తే అంకెలు చాలావరకు కలుస్తాయి, నేను ఎన్నోసార్లు పక్కన నిలబడి చూశాను. కలవనప్పుడు గొడవ పడరు, మళ్లీ పిలుస్తారు.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. నర్సును “మీరు వేసింది కరెక్టేనా” అని అడిగితే ఆమె నొచ్చుకుంటుంది, జవాబు కూడా రాదు. “ఈ రోజు నాన్నగారికి మీరు అనుకుంటున్న లక్ష్యం ఎంత సిస్టర్, ఇప్పుడు ఎంతలో ఉన్నారు” అని అడగండి. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే సరే. లక్ష్యం మైనస్ 1 అయి, నాన్నగారు రెండు రోజులుగా మైనస్ 4లో ఉంటే, ఎందుకని డాక్టరుగారిని అడిగే హక్కు మీకుంది. ఆయనకు చుట్టో, పొగాకో, సాయంత్రం మద్యమో అలవాటుంటే దాచకండి, ఎన్నేళ్ల నుంచో ఎంతో చెప్పండి. నిద్రమాత్రలు వేసుకునేవారైతే అదీ చెప్పండి. ఇంట్లో ఏమని పిలుస్తారో చెప్పండి. కళ్లజోడు ఉంటే ఇవ్వండి.

మీకిచ్చే ఆ ఐదు నిమిషాల్లో భుజం పట్టి ఊపకండి, “నాన్నా, కళ్లు తెరు” అని పదేపదే అరవకండి. చేయి పట్టుకుని, వినపడే చెవి వైపు వంగి, మీరెవరో చెప్పి, చేను సంగతో మనవరాలి సంగతో మామూలుగా మాట్లాడండి. రెప్ప కదిలినా, చేయి నొక్కినా, చూపు మీ వైపు తిరిగినా బయటకు వచ్చాక నర్సుకు చెప్పండి. చాలామంది రోగులు మా గొంతుకు తెరవని కళ్లు ఇంటివాళ్ల గొంతుకు తెరుస్తారు, అది మాకు ఉపయోగపడే సమాచారం.

ఆ వినికిడి యంత్రాన్ని మాత్రం ఈ రోజే ఎవరితోనైనా పంపించండి. కొత్త బ్యాటరీ వేసి, పనిచేస్తోందో లేదో మీ చెవి దగ్గర పెట్టుకుని చూసి, చిన్న డబ్బాలో పెట్టి, మీద నాన్నగారి పేరు, మంచం నంబరు, ఏ చెవికో రాయండి. సాయంత్రం డ్యూటీ మారే వేళకు ఇన్‌ఛార్జి సిస్టర్ చేతికే ఇచ్చి, పెట్టాక ఒకసారి పిలిచి చూడమని అడగండి. అప్పుడు ఎంత వచ్చిందో వీలైతే ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.